గేమ్ స్లో అవుతోందా, క్రాష్ అవుతోందా? కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు ఒక్క సాయంత్రం కేటాయించండి

గేమ్ స్లో అవడం ఒక జబ్బు, మధ్యలో క్రాష్ అవడం ఇంకో జబ్బు. రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఒకేసారి కనిపిస్తే మాత్రం చుట్టూ ఉన్నోళ్లంతా ఒక్కటే మాట చెప్తారు: "గ్రాఫిక్స్ కార్డ్ పోయింది బ్రో, కొత్తది తీస్కో." ఆ మాట ఖరీదు తక్కువలో తక్కువ 60 వేలు. అది నిజమో కాదో తేల్చుకోవడానికి కావాల్సింది ఒక సాయంత్రం, రెండు మూడు ఫ్రీ సాఫ్ట్‌వేర్లు, కొంచెం ఓపిక.

అందుకే ఇందులో "ఈ 15 సెట్టింగులు మార్చండి" టైపు లిస్ట్ ఉండదు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఆఫీసులో ఏదైనా సర్వర్ స్లో అయితే ముందు లాగ్స్ చూస్తాం, తర్వాత ఒక్కటంటే ఒక్కటే మారుస్తాం, మళ్లీ కొలుస్తాం. పది మార్పులు ఒకేసారి చేస్తే, బాగైనా దేని వల్ల బాగైందో తెలీదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌కి కూడా పద్ధతి ఇదే. అది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మా ఇంట్లో జరిగిన ఒక కేసే తీసుకుంటాను.

జమ్మికుంట కేసు

2024 మే నెల. మా చిన్నాన్న వాళ్లది జమ్మికుంట. రైల్లో కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్లినోళ్లకి స్టేషన్ తెలిసే ఉంటుంది. ఊరి పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది మాత్రం పత్తి మార్కెట్. చుట్టూ జిన్నింగ్ మిల్లులు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో కొంచెం ఆగితే తెలుస్తుంది.

తమ్ముడు బీటెక్ సెకండియర్. వాడిది 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ల్యాప్‌టాప్. పదో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్. వాడు ఎక్కువగా ఆడేది జీటీఏ 5. "అన్నా, ఇరవై నిమిషాలు మంచిగనే నడుస్తది. తర్వాత బండి నూకినట్టు అయితది. మధ్యల గేమ్ దానంతటదే బందయితది" అన్నాడు. టౌన్‌లో రిపేర్ షాప్ ఆయనకి చూపిస్తే పది నిమిషాలు చూసి, గ్రాఫిక్స్ చిప్ పోయింది, బోర్డు మార్చినా లాభం లేదు, కొత్తది 70 వేలకి వస్తుంది అని చెప్పి పంపించాడట.

చిన్నాన్న గేమ్‌లకి వ్యతిరేకి ఏం కాదు. కాలేజీ ప్రాజెక్టులు కూడా దాంట్లోనే కదా అని కొనడానికే సిద్ధపడ్డాడు. కానీ టైం చూడండి. "మృగశిర దగ్గరపడ్డది. ఇత్తనాలు, మందు సంచులు తేవాలె. గా పైసలల్లకెల్లే దీనికి తియ్యాల్నా?" అని నన్నే అడిగాడు. పత్తి అమ్మిన పైసలు వానాకాలం పెట్టుబడికి పెట్టుకున్నవి. వాటిలోంచి 70 వేలు తీస్తే ఆ గుంత పూడ్చడానికి మిత్తికి తేవాల్సిందే. ఆ పైసలు తీయకముందు అసలు జబ్బేంటో తెలియాలి.

ముందు అడగాల్సింది "ఎప్పుడు?"

గేమ్ స్లో అవుతోంది అనగానే అందరూ "ఏ గ్రాఫిక్స్ కార్డ్?" అని అడుగుతారు. నేనైతే ముందు "ఎప్పుడు స్లో అవుతోంది?" అని అడుగుతా. సగం జవాబు అందులోనే దొరుకుతుంది. మొదలుపెట్టిన పావుగంట, ఇరవై నిమిషాలకి స్లో అయితే వేడి మీద అనుమానం. కార్ స్పీడ్‌గా తోలినప్పుడే జర్క్ ఇస్తే, రోడ్డు పక్క బిల్డింగులు ఆలస్యంగా కనిపిస్తే హార్డ్ డిస్క్ మీద అనుమానం. అలాంటప్పుడు గేమ్‌ని ఎస్ఎస్‌డీలోకి మార్చి చూడండి. కొత్త ఏరియాకి వెళ్లిన మొదటిసారి మాత్రమే ఆగి, రెండోసారి అదే చోట స్మూత్‌గా ఉంటే అది షేడర్ కంపైలేషన్. డైరెక్ట్‌ఎక్స్ 12 గేమ్‌లలో మామూలే, మీ మెషీన్ తప్పు కాదు. రెండు మూడు గంటలు ఆడేకొద్దీ బరువెక్కి, గేమ్ మూసి తెరవగానే బాగైతే గేమ్‌లోనే మెమరీ లీక్ ఉండొచ్చు. ఛార్జర్ తీయగానే పడిపోతే అది జబ్బే కాదు, బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ పవర్ తగ్గించుకుంటుంది.

తమ్ముడి దాంట్లో స్లో అవడం ప్రతిసారీ ఇరవై నిమిషాల తర్వాతే. క్రాష్‌కి మాత్రం టైం లేదు, పాడూ లేదు. ఒక్కోసారి మొదలైన మూడు నిమిషాలకే, ఒకసారి మెనూలో ఉండగానే. అంటే రెండింటికీ కారణం ఒకటే అనుకోవడానికి ఆధారం లేదు. షాప్ ఆయన రెంటినీ కలిపి ఒకే పేరు పెట్టేశాడు.

స్లో సంగతి

జీటీఏ 5లో గ్రాఫిక్స్ మెనూలోనే బెంచ్‌మార్క్ టెస్ట్ ఉంటుంది. ప్రతిసారీ అవే సీన్లు నడుపుతుంది కాబట్టి కొలతకి అది చాలా మంచిది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటే వచ్చే రివాట్యూనర్‌తో స్క్రీన్ మీద రీడింగులు పెట్టాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో బ్యాక్‌గ్రౌండ్‌లో లాగ్ రాస్తూ ఉంది. మూడూ ఫ్రీ.

ఇక్కడ ఒక్క మాట. ఎఫ్‌పీఎస్ యావరేజ్ ఒక్కటే చూసి మోసపోవద్దు. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, ఒక్కటి 115 తీసుకుందనుకోండి. మొత్తం సరిగ్గా 1000, యావరేజ్ 60 ఎఫ్‌పీఎస్. కాగితం మీద బంగారం, కంటికి మాత్రం దెబ్బ తగిలినట్టు జర్క్. అందుకే ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ ఆన్ చేసుకోండి. గీత సాఫీగా ఉందా, ముళ్లలాగా లేస్తోందా అన్నది చూడండి.

ల్యాప్‌టాప్ చల్లగా ఉన్నప్పుడు మొదటి రన్ యావరేజ్ 68. పాతిక నిమిషాల తర్వాత అదే టెస్ట్ 24. అంకెల కంటే ముఖ్యమైంది పక్కనున్న రీడింగులు. ప్రాసెసర్ టెంపరేచర్ 98 డిగ్రీలు, క్లాక్ స్పీడ్ 4 గిగాహెర్ట్జ్ నుంచి 1.3కి పడిపోయింది. గ్రాఫిక్స్ కార్డ్ వాడకం 95 శాతం నుంచి 40కి తగ్గింది. ఈ చివరి అంకె దగ్గరే కేసు సగం తేలిపోయింది. గ్రాఫిక్స్ కార్డ్ చేతకాక ఆగలేదు, ప్రాసెసర్ నుంచి పని అందక ఖాళీగా కూర్చుంది. చిప్ పాడైతే ఇలా ఉండదు.

మీ దగ్గర రీడింగులు చూసే వీలు లేకపోతే ఇంకో చిన్న టెస్ట్ ఉంది. రెజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే బరువు గ్రాఫిక్స్ కార్డ్ మీద ఉంది. పెద్దగా మారకపోతే ప్రాసెసర్ దగ్గరో, ర్యామ్ దగ్గరో ఆగిపోతోంది. అలాంటప్పుడు టెక్స్చర్లు తగ్గించి లాభం లేదు. జీటీఏ 5లో జనాలు, బండ్ల రద్దీని పెంచే పాపులేషన్ డెన్సిటీ తగ్గిస్తే పని జరుగుతుంది.

ఇప్పుడు వేడి లెక్క. ఫ్యాన్‌తో చల్లబడే ఏ మెషీన్ కూడా గదిలో గాలి కంటే చల్లగా అవ్వలేదు. ఫ్యాన్ స్పీడ్, పవర్ మారకపోతే గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా సుమారుగా పది డిగ్రీలు ఎక్కుతుంది. డిసెంబర్‌లో 25 డిగ్రీల గదిలో 83 దగ్గర ఉండే చిప్, మేలో రేకుల కప్పు కింద 40 డిగ్రీల గదిలో 98కి వచ్చేస్తుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి 100 డిగ్రీలే హద్దు. ఆ దరిదాపుల్లోకి రాగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఉత్తర తెలంగాణ ఎండల సంగతి రామగుండం, జగిత్యాల వైపు వాళ్లని అడగండి, వేరే చెప్పక్కర్లేదు. విదేశాల రివ్యూల్లో ఏసీ గదిలో కొలిచిన టెంపరేచర్లు మన మే నెలకి పనికిరావు. రివ్యూలో 92 అని రాశారంటే మన దగ్గర ఎంతో మీరే లెక్కేస్కోండి.

పైగా వీడు ల్యాప్‌టాప్‌ని బొంత మీద పెట్టి ఆడుతున్నాడు. గాలి లోపలికి పోయే దారి కిందే ఉంటుంది కదా. టేబుల్ మీద పెట్టి, వెనకవైపు ఎత్తు లేపితే ఆరు డిగ్రీలు తగ్గింది. అయినా ఇంకా ఎక్కువే. మూత విప్పాల్సిందే అనుకున్నాం. వారంటీ అయిపోయి చాన్నాళ్లయింది కాబట్టి భయం లేదు. వారంటీ ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి.

కింది ప్లేటు తీశాక, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకి, ఫ్యాన్ విప్పాం. ఫ్యాన్‌కీ, వేడి బయటికి పంపే రాగి రెక్కలకీ మధ్య తెల్లటి దుప్పటి! దుమ్ము కాదు, దూది నూగు. పత్తి సీజన్‌లో మిల్లులు నడిచినన్ని రోజులు గాలిలో తేలేది అదే. నాలుగు సీజన్ల నూగు పొరలు పొరలుగా గట్టిపడి, మందంగా గుడ్డలాగా తయారైంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఇది పోదు. నూగు ఫ్యాన్ అవతల లోపల ఉంటుంది, బయటి నుంచి కొట్టే గాలి దాన్ని ఇంకా బిగిస్తుంది. ఫ్యాన్ విప్పి పట్టకారుతో తీయాల్సిందే. ఒకవేళ గాలి కొడితే ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టండి. అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పాత థర్మల్ పేస్ట్ ఎండి పొడి అయింది, అదీ మార్చాం.

మళ్లీ అదే గది, అదే బెంచ్‌మార్క్, అదే పాతిక నిమిషాలు. ప్రాసెసర్ 85, యావరేజ్ 66. పేస్ట్ ట్యూబ్‌కి 350 రూపాయలు, స్క్రూడ్రైవర్ చిన్నాన్న టీవీ రిమోట్ కోసం వాడేదే.

పెద్ద ఎండల రోజులకి ఇంకో ఉపాయం కూడా పెట్టాం. రివాట్యూనర్‌లో ఎఫ్‌పీఎస్‌కి 60 దగ్గర లిమిట్. అవసరం లేని ఫ్రేములు గీయకపోతే ఆ మేరకు వేడి కూడా పుట్టదు. ఇంకా వేడెక్కితే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతం చేస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో ఆగిపోతుంది. టాప్ స్పీడ్ తగ్గుతుంది కానీ ఎగుడుదిగుళ్లు ఉండవు.

క్రాష్ సంగతి

క్లీనింగ్ తర్వాత స్లో అవడం పోయింది. క్రాష్‌లు మాత్రం పోలేదు. 60 డిగ్రీల దగ్గర కూడా గేమ్ డెస్క్‌టాప్‌కి వచ్చేసింది. అంటే రెండూ వేరని ఖాయమైంది.

క్రాష్ అన్నప్పుడు మొదట ఎలా క్రాష్ అయిందో చూడాలి. గేమ్ ఒక్కటే మూసుకుపోవడం ఒక రకం. స్క్రీన్ నల్లగా అయి, రెండు మూడు సెకన్లకి తిరిగి వస్తే అది గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్. గ్రాఫిక్స్ కార్డ్ పలకకపోతే విండోస్ మామూలుగా 2 సెకన్లు చూసి డ్రైవర్‌ని తిరగేసి మొదలుపెడుతుంది, ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబర్‌తో రాసి పెడుతుంది. నీలం స్క్రీన్ వస్తే డ్రైవర్, ర్యామ్, డిస్క్ ఏదైనా కావచ్చు. ఏ స్క్రీనూ లేకుండా మొత్తం సిస్టమ్ టక్కున ఆగి రీస్టార్ట్ అయితే డెస్క్‌టాప్ పీసీల్లో ముందు పవర్ సప్లయ్‌ని, ఇంట్లో ఓల్టేజీని అనుమానించండి. అప్పుడు లాగ్‌లో కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తుంది. దాన్ని చూసి "41 ఎర్రర్‌కి సొల్యూషన్" అని వెతకొద్దు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అన్నదే దాని అర్థం, ఎందుకు కాలేదో అది చెప్పదు.

ఈవెంట్ వ్యూయర్ కొత్తవాళ్లకి అడవిలాగా ఉంటుంది. స్టార్ట్‌లో "రిలయబిలిటీ హిస్టరీ" అని వెతకండి. ఏ రోజు ఏది కూలిందో క్యాలెండర్ లాగా చూపిస్తుంది. విండోస్‌లో జనం తక్కువగా వాడే మంచి టూల్ ఇది. తమ్ముడి దాంట్లో చూస్తే కూలినవాటిలో జీటీఏ ఒక్కటే లేదు. బ్రౌజర్ ఉంది, వీఎల్‌సీ ఉంది, ఆఖరికి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కూడా ఉంది. ఒక్కో రోజు ఒక్కో ఫైల్ పేరు మీద "యాక్సెస్ వయలేషన్". ఎప్పుడూ ఒకే ఫైల్ దగ్గర కూలితే ఆ ప్రోగ్రామ్‌నో డ్రైవర్‌నో అనుమానించాలి. సంబంధం లేని ప్రోగ్రాములు సంబంధం లేని చోట్ల కూలుతుంటే అందరికీ ఉమ్మడిగా ఉన్నదేంటో చూడాలి. ఉమ్మడిగా ఉండేది ర్యామ్. ఇంకో సంగతి, లిస్ట్ మొత్తం జనవరి నుంచే మొదలైంది.

"జనవరిలో ఏం చేశావురా?" అంటే, ఇంకో 8 జీబీ ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో కొని వేసుకున్నాడట.

విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ పెడితే హార్డ్‌వేర్ ప్రాబ్లమ్ ఉందని చెప్పింది. దాంతో ఆగకూడదు, ఏ స్టిక్ అన్నది తేలాలి. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 వేసి, ఒక్కో స్టిక్‌ని విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి నడిపాం. పాతది ఒక్క ఎర్రర్ లేకుండా పాసైంది. సెకండ్ హ్యాండ్‌ది మొదటి రౌండ్‌లోనే ఎర్రర్ల వరుస. మంచి స్టిక్‌ని రెండో స్లాట్‌లో కూడా పెట్టి చూశాం, స్లాట్ తప్పు కాదని తెలుసుకోవడానికి. ఇదంతా రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి అయిపోయే పని.

కొత్త 8 జీబీ స్టిక్ 1,800 పడింది. ఒక్క స్టిక్‌తో కూడా గేమ్ నడుస్తుంది కదా అనొచ్చు. నడుస్తుంది కానీ రెండుంటే డ్యూయల్ ఛానెల్ వస్తుంది. డీడీఆర్4 3200 ర్యామ్‌కి ఒక్క ఛానెల్‌లో సెకనుకి 25.6 జీబీ, రెండుంటే 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని ల్యాప్‌టాప్‌లలో అయితే ఈ తేడా ఆటలో కంటికి కనిపిస్తుంది.

మొత్తం ఖర్చు 2,150 రూపాయలు. చిన్నాన్న జూన్‌లో విత్తనాలకి ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు.

ఎఫ్‌పీఎస్ బూస్ట్ చిట్కాలు

వెతుకుతుంటే ఇంకోటి కూడా దొరికింది. ఏదో వీడియో చూసి వీడు పేజ్ ఫైల్ ఆఫ్ చేసి పెట్టాడు, "ర్యామ్ స్పీడ్ పెరుగుతుంది" అని. దయచేసి ఇది చేయకండి. ప్రోగ్రాములు అడిగే మెమరీకి విండోస్ మాట ఇచ్చేది ర్యామ్, పేజ్ ఫైల్ రెండూ కలిపిన లెక్కతో. పేజ్ ఫైల్ తీసేస్తే ఆ హద్దు చిన్నదవుతుంది. గేమ్ ఇంకొంచెం అడగ్గానే కాదంటుంది, గేమ్ కూలుతుంది. మళ్లీ "సిస్టమ్ మేనేజ్డ్"కి పెట్టేయండి.

ర్యామ్ క్లీనర్లు, గేమ్ బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు, పాప్-అప్‌లో వచ్చే డ్రైవర్ అప్‌డేటర్లు, వీటి మీద నా అభిప్రాయం ఒక్క మాటలో: తీసేయండి. ర్యామ్ క్లీనర్ ఖాళీ చేసేది మీ గేమ్ కాసేపట్లో మళ్లీ అడగబోయే డేటానే. డ్రైవర్ కావాలంటే ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ సొంత సైట్లలోనే ఉంటుంది.

మెషీన్ మంచిదే, మరి తప్పెవరిది?

ఎర్రర్ మెసేజ్ చెప్పిందే నిజం కానక్కర్లేదు. ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ గుర్తుందా? చాలామందికి అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లు మొదలయ్యేటప్పుడే "వీడియో మెమరీ చాలట్లేదు" అని కూలిపోయేవి. 24 జీబీ గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నోళ్లకి కూడా! అసలు లోపం ప్రాసెసర్‌లో. అవసరానికి మించిన ఓల్టేజ్ వల్ల చిప్‌లు దెబ్బతింటున్నాయని ఇంటెల్ 2024 జులైలో ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. మీది ఆ ప్రాసెసర్ అయితే బయోస్ అప్‌డేట్ చేశారో లేదో ఇవాళే చూడండి. అప్‌డేట్ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపుతుందే తప్ప, ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగు చేయదు.

నిజంగా గేమ్‌దే తప్పైన కేసులూ ఉన్నాయి. జీటీఏ ఆన్‌లైన్ లోడ్ అవడానికి నిమిషాలకి నిమిషాలు పట్టడం ఏళ్ల తరబడి చూశాం. 2021లో టీ-జీరో-ఎస్-టీ అనే పేరుతో రాసే డెవలపర్ ఒకాయన సోర్స్ కోడ్ లేకుండానే లోపలికి తొంగిచూశాడు. గేమ్ 10 ఎంబీ ఐటమ్స్ ఫైల్ ఒకటి చదువుతోంది, అందులో దాదాపు 63 వేల ఐటమ్స్. ఒక్కో ముక్క చదివినప్పుడల్లా మిగిలిన టెక్స్ట్ పొడవుని మొదటి నుంచి లెక్కపెడుతోంది. అంటే పుస్తకంలో ఒక్కో మాట చదివి, ఇంకా ఎన్ని అక్షరాలున్నాయో ప్రతిసారీ చివరిదాకా లెక్కపెట్టినట్టు. ఆయన ప్యాచ్‌తో ఆయన పీసీలో 6 నిమిషాల లోడింగ్ 1 నిమిషం 50 సెకన్లకి వచ్చింది. రాక్‌స్టార్ అది నిజమేనని ఒప్పుకుని, మార్చిలో అప్‌డేట్ ఇచ్చి, ఆయనకి 10 వేల డాలర్ల బహుమతి ఇచ్చింది. అప్పటిదాకా లోడింగ్ తగ్గుతుందని కొత్త ప్రాసెసర్లు కొన్నోళ్లు ఎంతమందో!

నెట్ సెంటర్లలో గంటకింత ఇచ్చి శాన్ ఆండ్రియాస్ ఆడినోళ్లకి ఇంకోటి. విండోస్ 11 24హెచ్2 వచ్చాక అందులో స్కిమ్మర్ అనే నీటి విమానం పనిచేయడం మానేసింది. దాన్ని రప్పించి ఎక్కితే ఆకాశంలో ఎక్కడికో ఎగిరిపోవడమే. సైలెంట్‌ప్యాచ్ మాడ్ రాసే డెవలపర్ తవ్వి చూస్తే తేలింది ఇది: వాహనాల ఫైల్‌లో ఆ విమానం వరుసలో చక్రాల సైజు అంకెలే లేవు. అంతకుముందు చదివిన వాహనం అంకెలు మెమరీలో మిగిలి ఉండటంతో ఇరవై ఏళ్లు గడిచిపోయింది. కొత్త విండోస్ ఆ చోటుని వాడుకోగానే బయటపడింది. కాబట్టి "నిన్నటిదాకా బాగానే నడిచింది" అన్నది గేమ్‌లో లోపం లేదనడానికి రుజువు కాదు.

మీ ర్యామ్ పాసై, వేడి అదుపులో ఉండి, మిగతా గేమ్‌లు బాగా నడుస్తూ ఒక్క గేమే కూలుతుంటే ముందు మాడ్స్ అన్నీ తీసి చూడండి. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఫైల్స్ వెరిఫై చేయండి. డ్రైవర్ అప్‌డేట్ తర్వాతే మొదలైతే డీడీయూతో పూర్తిగా తీసేసి పాత వెర్షన్ వేయండి. గేమ్ కొత్తగా కొన్నదైతే ఈ పనులన్నీ చేస్తూ గంటలు గడపకండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల లోపు అయితే రిఫండ్ అడగొచ్చు. క్రాష్ అయి మళ్లీ మళ్లీ తెరిచిన టైం కూడా ఆ రెండు గంటల్లోనే లెక్కలోకి వస్తుంది.